ఉబర్స్‌లో కూడా నిషేధమా?

ప్రశ్న: పోకెమాన్ పోటీల్లో మెగా రేక్వాజాను (రేక్వాజా అనే పోకెమాన్ ఆట మధ్యలో మారే మరింత బలమైన రూపం) స్మోగన్ వాళ్లు (పోటీలకు నియమాలు పెట్టే అభిమానుల వెబ్‌సైట్) ఉబర్స్ అనే విభాగం నుంచి కూడా తీసేశారు. ఉబర్స్ ఉన్నదే అతి బలమైనవాటి కోసం కదండీ, మళ్లీ అందులో నిషేధం ఏమిటి?
– ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: బలం ఒక్కటే అయితే నేనూ మీ వైపే ఉండేవాణ్ణి. మిగతావి మెగాగా మారాలంటే మెగా స్టోన్ పట్టుకోవాలి, ఇక ఇంకో వస్తువు పట్టుకునే వీలుండదు. దీనికి మాత్రం డ్రాగన్ అసెంట్ అనే మూవ్ (దాడి) వస్తే చాలు, పైగా దెబ్బ బలం పెంచే లైఫ్ ఆర్బ్ లాంటి వస్తువు కూడా దర్జాగా పట్టుకోవచ్చు. అటాక్ (శారీరక దాడి బలం) 180, స్పెషల్ అటాక్ (శక్తులతో చేసే దాడి బలం) కూడా 180! ఏ రకంగా కొడుతుందో తెలియనప్పుడు ఎదుటివాళ్లు దేన్ని అడ్డం పెట్టాలి చెప్పండి? ఒక్క అంచనా తప్పితే ఆట చేజారిపోతుంది, అది ఓడినవాళ్ల చేతగానితనం కాదు. అందుకే నిషేధం న్యాయమే అంటాను.

ఇదంతా సింగిల్స్ (ఒకదానితో ఒకటి తలపడే ఆట) సంగతి. డబుల్స్‌లో రెండేసి పోకెమాన్లు కలిసి దాని మీద పడొచ్చు కాబట్టి లెక్క వేరు. 2016 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో దాన్ని అనుమతించారు, గెలిచిన వుల్ఫ్ గ్లిక్ జట్టులో అదీ ఉంది. సింగిల్స్‌లోనే ఆడించాలని మీకు అంత ఇష్టంగా ఉంటే, దానికోసమే పెట్టిన, దాదాపు దేన్నైనా అనుమతించే ఎనీథింగ్ గోస్ అనే విభాగం ఉంది, అక్కడ ఆడండి.