ఇంగ్లీష్ పరీక్ష బుక్ చేసే ముందు ఇది చదువు

సింధూ తల్లీ,

యూకే కంపెనీలో నీకు ఉద్యోగం ఖాయమైందని అమ్మ చెప్పగానే సంతోషంతో నోట మాట రాలేదు. ఆ వెంటనే అమ్మ "ఇంగ్లీష్ సంగతి దానికో లెక్క కాదులే అక్కా, ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియమే కదా" అంది. అప్పట్నుంచీ నాకు టెన్షన్ పట్టుకుంది. నీకు ఇంగ్లీష్ రాదని కాదు. రావడం వేరు, వచ్చని వీసా వాళ్లు ఒప్పుకునే రుజువు చూపించడం వేరు. ఆ తేడా తెలియక మనింట్లోనే ఒకడి ఉద్యోగం పోయింది. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలియదు.

మీ పెదనాన్న మేనల్లుడు. చురుకైన కుర్రాడు. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష ఉంది కదా, దాని అకడమిక్ రకంలో తొమ్మిదికి 7.5 తెచ్చుకున్నాడు. ఇక్కడ, యూకేలోని కంపెనీ ఎంచుకుంది, సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్, అంటే ఉద్యోగం ఇస్తున్నామని వీసా కోసం కంపెనీ ఇచ్చే ధ్రువీకరణ కూడా ఇచ్చింది. ఆ స్పాన్సర్‌షిప్ ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోపు వీసాకి అప్లై చేసెయ్యాలి. స్కోరు చేతిలోనే ఉంది కదా అని వాడు నింపాదిగా మిగతా కాయితాలన్నీ పోగు చేసుకున్నాడు. తీరా ఫారం నింపేటప్పుడు తెలిసింది, వాడు రాసింది మామూలు ఐఈఎల్‌టీఎస్ అని. యూకే వర్క్ వీసాకి కావలసింది "ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ". యూకేవీఐ అంటే యూకే వీసాలు చూసే ప్రభుత్వ విభాగం. ప్రశ్నల తీరు అదే, మార్కుల పద్ధతీ అదే. కానీ ఆ పేరుతో, ఆమోదం ఉన్న సెంటర్‌లో రాస్తేనే లెక్కలోకి వస్తుంది. ఆ రాత్రి వాడు సర్టిఫికెట్ ఫొటో పంపాడు. ఫోన్‌లో పెద్దది చేసుకుని మూల మూలా వెతికాను, యూకేవీఐ అన్న మాట ఎక్కడైనా కనబడుతుందేమోనని. లేదు. మళ్లీ పరీక్షకి దగ్గర్లో తేదీ దొరకలేదు. దొరికి, రాసి, ఫలితం వచ్చేసరికి గడువు దాటిపోయింది. కంపెనీ వాళ్లు ఇంకొకర్ని తీసుకున్నారు. రెండోసారి వాడికి 8 వచ్చింది తల్లీ. అంత స్కోరు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. మా ఆడపడుచు కొన్న సూట్‌కేసులకి చీటీలు కూడా తియ్యలేదు. ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడనుకో. కానీ ఆ నెలల్లో వాడి గొంతు వింటే నాకు నిద్ర పట్టేది కాదు.

అందుకే చెప్తున్నా. బుక్ చేసేటప్పుడు యూకేవీఐ అన్న మాట నీ కళ్లతో చూశాకే డబ్బు కట్టు. ఐఈఎల్‌టీఎస్ బదులు పీయర్సన్ కంపెనీ పరీక్ష రాయాలనుకుంటే అది "పీటీఈ అకడమిక్ యూకేవీఐ" అయి ఉండాలి. ఐఈఎల్‌టీఎస్ లైఫ్ స్కిల్స్ అని ఇంకోటి కనబడుతుంది, నీకు పనికిరాదు. ఇంగ్లీష్ స్థాయిల్లో అది బీ1 దాకానే ఉంటుంది, బీ2 దానికి పై మెట్టు. 2026 జనవరి 8 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి మొదటిసారి అప్లై చేసేవాళ్లకి బీ2 కావాలి. ఐఈఎల్‌టీఎస్‌లో అయితే వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం నాలుగింట్లోనూ విడివిడిగా కనీసం 5.5 రావాలి. మూడింట్లో 8 వచ్చి రాయడంలో 5 వస్తే ఒప్పుకోరు. "ఒక్కోదాంట్లో 4 స్కోరు వస్తే చాలు" అని నీ స్నేహితులు ఎవరైనా అంటే, వాళ్లు పాత లెక్క చెబుతున్నారన్నమాట. స్కోరు రెండేళ్లే చెల్లుతుంది.

అసలు పరీక్షే లేని దారి ఒకటుంది. నీ బీటెక్ ఇంగ్లీష్‌లోనే సాగింది కాబట్టి ఎక్టిస్ అనే సంస్థకి అప్లై చెయ్యొచ్చు. నీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమనీ, చదువు ఇంగ్లీష్‌లోనే జరిగిందనీ వాళ్లు ధ్రువీకరిస్తే అదే రుజువు. కాలేజీ ఇచ్చే మీడియం సర్టిఫికెట్ ఒక్కటీ పట్టుకుని వెళితే మాత్రం చెల్లదు. నన్నడిగితే ముందు ఈ దారే చూడు. కాలేజీ ఆఫీసు చుట్టూ తిరిగే పని ఉంటే ఈ వారమే మొదలుపెట్టు.

ఇంకో మాట, ఇది కోపంగానే చెప్తున్నా. పరీక్ష రాయకుండా స్కోరు ఇప్పిస్తామనే ఏజెంటు ఎవడైనా తగిలితే ఫోన్ పెట్టెయ్. 2014లో బీబీసీ పనోరమా వాళ్లు అప్పట్లో వీసాకి చెల్లిన టోఇక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో జరుగుతున్న మోసం బయటపెట్టారు. ఒకరి బదులు ఇంకొకరు కూర్చుని రాయడం, జవాబులు పైకి చదివి వినిపించడం అన్నీ చూపించారు. ఆ దెబ్బకి వేలమంది విద్యార్థులు వీసాలు పోగొట్టుకున్నారు. ఏ తప్పూ చెయ్యనివాళ్లు కూడా అందులో ఇరుక్కుని ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. వీసా కోసం మోసం చేశావని తేలితే పదేళ్ల దాకా మళ్లీ రానివ్వరు. ఆ రోజులు చూసినదాన్ని కాబట్టే ఇంతగా చెప్తున్నా.

పరీక్షే రాయాల్సి వస్తే నాకున్న దిగులు ఒక్కటే, మాట్లాడే భాగం. నువ్వు కొత్తవాళ్ల ముందు ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకుంటావు. ఎగ్జామినర్ ముందు పావుగంట లోపే కూర్చుంటావు, ఆ కాస్త సేపట్లో నువ్వు నోరు విప్పకపోతే ఆవిడ దేనికి మార్కులు వెయ్యాలి? మధ్యలో ఒక టాపిక్ ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, కాయితం, పెన్సిలు ఇస్తారు. తర్వాత రెండు నిమిషాల దాకా నువ్వే మాట్లాడాలి. బట్టీ పట్టిన జవాబుల్ని వాళ్లు ఇట్టే కనిపెట్టేస్తారు. ఇక్కడివాళ్ల యాస తెచ్చిపెట్టుకోకు, నీ గొంతు నీకుంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమను, ఏం తప్పు లేదు.

పరీక్షకి ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లు. బుకింగ్‌లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా అక్షరం పొల్లుపోకుండా ఉండాలి.

ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి. పాస్‌పోర్టు, డిగ్రీ, మార్కుల మెమోలు పక్కన పెట్టుకో, పేర్లన్నీ ఒకేలా ఉన్నాయో లేదో ఇద్దరం కలిసి చూద్దాం. తర్వాత ఓ అరగంట నాతో ఇంగ్లీష్‌లోనే మాట్లాడాలి, సిగ్గుపడితే ఊరుకోను.

ప్రేమతో,
పెద్దమ్మ