రంగు వెయ్యకపోతే కణం ఎలా కనపడుతుంది?

ప్రశ్న: సార్, మా ప్రాక్టికల్స్‌లో మైక్రోస్కోప్ కింద చూడ్డానికి బుగ్గ కణాలకి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు వేస్తాం, బ్యాక్టీరియా స్లైడ్‌నైతే మంట మీద కాచి మరీ రంగు వేస్తాం, అంటే అవి చచ్చిపోయినట్టేగా. మరి కొన్ని వీడియోల్లో కణాలు రంగు లేకుండానే పాక్కుంటూ పోతుంటాయి, అదెలా? (బీఎస్సీ సెకండియర్ అమ్మాయి, తెనాలి)

జవాబు: నానబెట్టిన సబ్జా గింజలు చూశావుగా అమ్మా, లోపలి నల్ల గింజ టక్కున కనపడుతుంది, చుట్టూ ఉన్న జిగురు మాత్రం నీళ్లలో కలిసిపోయినట్టుంటుంది. బతికున్న కణం దాదాపు మొత్తం ఆ జిగురు లాంటిదే, వెలుగుని పీల్చుకోదు. కానీ తన గుండా పోయే వెలుగుని కాస్త ఆలస్యం చేస్తుంది. నీటి వక్రీభవన గుణకం (వెలుగు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.33, కణానిది 1.36 నుంచి 1.38 దాకా ఉంటుంది, అందుకని కణం దాటొచ్చిన వెలుగు పక్కనుంచి వచ్చిన దానికన్నా సుమారు పావు తరంగం వెనకబడుతుంది. మన కంటికి అది తెలీదు.

దాన్ని వెలుగునీడలుగా మార్చింది నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఫ్రిట్స్ జెర్నికె, 1930ల మొదట్లో. నేరుగా వచ్చే వెలుగుని ఒక రింగు ప్లేటుతో తగ్గించి పావు తరంగం ముందుకి జరిపాడు, అది కణం చెదరగొట్టిన వెలుగుతో కలిస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కణం నల్లగా తేలుతుంది. ఇదే ఫేజ్ కాంట్రాస్ట్. 1932లో దీన్ని జర్మనీలోని యెనాలో మైక్రోస్కోపులు చేసే జైస్ కంపెనీ వాళ్లకి చూపిస్తే, పనికొచ్చేదైతే మేమే ఎప్పుడో కనిపెట్టేవాళ్లం అన్నారట! 1953లో ఆయనకి నోబెల్ వచ్చింది.

1950ల్లో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో డేవిడ్ రోజర్స్ తీసిన ఫిల్మ్ దొరికితే తప్పకుండా చూడు, న్యూట్రోఫిల్ అనే ఒక తెల్ల రక్తకణం ఎర్రకణాల్ని తోసుకుంటూ బ్యాక్టీరియా వెంటపడి, అది ఎటు తిరిగితే అటు తిరిగి చివరికి మింగేస్తుంది, ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇప్పుడు డిజిటల్ హోలోగ్రఫీ అనే పద్ధతితో, కణం వల్ల వెలుగుకి జరిగే ఆ ఆలస్యాన్ని కొలిచి కణంలో నీళ్లు పోగా మిగిలే బరువు ఎంతో కూడా చెప్తున్నారు. అయితే ఫలానా ప్రొటీన్ ఎక్కడుందో తెలియాలంటే మాత్రం ఫ్లోరెసెంట్ రంగు (వెలుగు పడితే తానే మెరిసేది) కావాల్సిందే, దానికి వాడే గట్టి వెలుగుకి కణం దెబ్బతింటుంది, అందుకే గంటల తరబడి కదలికలు చూడాలంటే నేను రంగు లేని పద్ధతే మేలంటాను.

మీ ల్యాబ్‌లో ఫేజ్ కాంట్రాస్ట్ లేకపోయినా ఫర్వాలేదు. చెరువు నీళ్లు ఒక చుక్క స్లైడ్ మీద వేసి కవర్‌స్లిప్ పెట్టు, స్లైడ్ కిందుండే కండెన్సర్ కటకం కింద డయాఫ్రం (వెలుగు వచ్చే రంధ్రాన్ని చిన్నది చేసే మూత) మెల్లగా మూస్తూ రా. వెలుగు తగ్గేకొద్దీ అంచులు తేలతాయి, పారామీషియం అనే ఏకకణ జీవి ఉంటే సర్రున ఈదుకుంటూ పోతుంది.