అతి పొడవైన దారికి డైక్‌స్ట్రా ఎందుకు పనికిరాదు?

ప్రశ్న: గ్రాఫ్‌లో (శీర్షాలనే బిందువులు, వాటిని కలిపే అంచులు) ఏ శీర్షమూ రెండోసారి తగలకుండా అతి పొడవైన దారి కావాలి. అంచుల బరువులకు (పొడవులకు) మైనస్ పెట్టి డైక్‌స్ట్రా (అతి చిన్న దారి కనిపెట్టే పద్ధతి) నడిపితే సరిపోదా?

సరిపోదు. మొదట మైనస్ బరువులు డైక్‌స్ట్రాకు పడవు. అసలు చిక్కు అంతకంటే లోతుగా ఉంది. క, చ, ట అనే మూడు శీర్షాల త్రిభుజం గీయండి, అంచులన్నీ ఒకే పొడవు. క నుంచి ట కి పొడవైన దారి క-చ-ట. అందులో క-చ ముక్క ఒక్క అంచే. కానీ క నుంచి చ కి పొడవైన దారి క-ట-చ. దాన్ని తెచ్చి అతికిస్తే ట రెండుసార్లు వస్తుంది. అతి చిన్న దారిలో ముక్కలూ అతి చిన్నవే, ఇక్కడ ఆ హామీ లేదు. సమస్య ఎన్‌పీ-హార్డ్, అంటే అన్ని గ్రాఫ్‌లకూ వేగంగా పనిచేసే పద్ధతి ఇంతవరకు తెలియదు.

మరి ఏం చేయాలి? చక్రాలు లేని దిశాత్మక గ్రాఫ్ (అంచులకు దిశ ఉండి, బయల్దేరిన చోటికి తిరిగి రాలేనిది) అయితే అదృష్టవంతులు: టోపొలాజికల్ వరుసలో (ప్రతి అంచూ ముందుకే పోయేలా శీర్షాలను పేర్చిన వరుస) ఒక్కసారి నడిస్తే అయిపోతుంది.

శీర్షాలు 20 లోపైతే 1962 నాటి హెల్డ్-కార్ప్ పద్ధతి. తిరిగిన శీర్షాల సమితి, చివరగా ఆగిన శీర్షం, ఈ రెండే గుర్తుంచుకుంటాం. ఏ వరుసలో తిరిగామన్నది అనవసరం. 20! (1 నుంచి 20 వరకు అంకెల లబ్ధం) వరుసలకు బదులు సుమారు 42 కోట్ల అడుగులు.

గ్రాఫ్ పెద్దదై, 10 శీర్షాల దారి ఉందో లేదో తెలిస్తే చాలంటే 1995లో వచ్చిన కలర్ కోడింగ్ (నాకు ఇష్టమైనది). శీర్షాలకు యాదృచ్ఛికంగా 10 రంగులేసి, రంగులన్నీ వేరుగా ఉన్న దారి వెతకండి. ఉన్న దారికి వేరువేరు రంగులు పడే అవకాశం 2,756లో ఒకటి. అందుకే కొన్ని వేలసార్లు రంగులు మార్చి చూడాలి.