గోడకి నక్షత్రం, ‘ఆన్ ది వాల్’

మీ ప్రశ్నలు – మా జవాబులు: చిన్నపిల్లల చదువు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో యూకేజీ టీచర్ని. క్లాసులో 28 మంది. డిసెంబరులో క్రిస్మస్ పాటలు ఎలాగూ నేర్పుతాం కదా అని ఇన్, ఆన్, అండర్, బిహైండ్ వాటితోనే చెప్పాను. పాటైతే గడగడా పాడేస్తున్నారు. ‘గంట ఎక్కడుంది?’ అనడిగితే మాత్రం ‘బాక్స్ ఇన్’ అంటారు, లేదా వేలు చూపించి ‘హియర్’ అని ఊరుకుంటారు. ఎక్కడ తేడా వస్తోంది?

జవాబు: ‘బాక్స్ ఇన్’ అన్న పిల్లకి విషయం అర్థమైనట్టే. మనకి లో, మీద, కింద అన్నీ వస్తువు పేరు తర్వాత వస్తాయి, ఇంగ్లిషులో ముందొస్తాయి. తెలుగు వరసలో ఇంగ్లిషు మాటలు పేర్చింది, అంతే. తప్పని ఆపకండి. ‘అవునమ్మా, ఇన్ ది బాక్స్’ అని మీరు అనండి చాలు. ‘ఇన్ అంటే లో’ అని విడగొట్టి బట్టీ పట్టించొద్దు. ‘ఇన్‌దిబాక్స్’ అని ఒకే ఊపిరిలో, ఒకే మాటలా పలికిస్తే వరస దానంతటదే కుదురుతుంది.

ఇక పాట. ఇంగ్లిషు పాటల్లో ఊనిక సాధారణంగా పేర్ల మీద పడుతుంది. స్టార్, ట్రీ గట్టిగా వినబడతాయి, మధ్యలో ‘ఆన్’ వినబడకుండా పోతుంది. పాట మొత్తం వచ్చినా ఆ ఒక్క ముక్క రాకపోవడానికి కారణం ఇదే. కాబట్టి నాలుగు ముక్కల పాట మీరే కట్టుకోండి: ‘వేర్ ఈజ్ ది స్టార్? ఆన్ ది ట్రీ! వేర్ ఈజ్ ది బెల్? అండర్ ది ట్రీ!’ ప్రశ్న మీరు పాడండి, జవాబు పిల్లలు పాడాలి. చప్పట కచ్చితంగా ‘ఆన్’ మీద, ‘అండర్’ మీద పడాలి. ‘ట్రీ’ మీద పడితే మళ్ళీ మొదటికొస్తుంది. రోజుకి పది నిమిషాలు, వారానికి మూడు మాటలు మించొద్దు. మొదటి వారం ఇన్, ఆన్, అండర్ చాలు.

తర్వాత ఆట. ఏడుగురు చొప్పున నాలుగు జట్లు చెయ్యండి. జట్టుకో చెప్పుల అట్టపెట్టె, స్టీలు గ్లాసు, పిల్లల నోట్లో పట్టనంత పెద్ద గంట. ఒకరు కళ్ళు మూసుకుంటారు, ఒకరు గంట దాస్తారు, మిగతావాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని మాటతోనే చెప్పాలి. వెతికేవాళ్ళు కళ్ళు తెరవకుండా తడిమి తియ్యాలి. అవతలివాళ్ళ కళ్ళు మూసి ఉన్నాయి కాబట్టి ‘హియర్’ అన్నా, వేలు చూపించినా లాభం ఉండదు. ‘అండర్ ది బాక్స్’ అనక తప్పదు.

గ్లాసుని మాత్రం బోర్లించండి. చిన్నపిల్లలు గిన్నెలాంటిది కనబడితే, మీరు ఏ మాట అన్నా అందులోనే వేస్తారు. బల్ల కనబడితే పైన పెడతారు. నిలబెట్టిన గ్లాసుతో ‘ఇన్’ అడిగితే అందరూ పాసే, కానీ మాట వచ్చినట్టు కాదు. బోర్లించిన గ్లాసుతో ఆన్, అండర్ మార్చి మార్చి అడిగితే ఎవరికి వచ్చిందో, ఎవరు చూసి చేస్తున్నారో తేలిపోతుంది.

బిహైండ్‌ని చివరికి ఉంచండి. చెట్టుకి ముందూ వెనకా ఉండవు. ఎదురుగా నిలబడ్డ మీకు వెనక అయింది పిల్లలకి ముందవుతుంది. మొదట మొహం ఉన్న బొమ్మలతో, గొర్రెతోనో శాంతా తాతతోనో చెప్పండి. ఆ తర్వాత చెట్టు దగ్గరికి వచ్చినప్పుడు మీరూ పిల్లల వైపే కూర్చోండి.

ప్రశ్న: మాది విజయవాడ పటమట. మా నాలుగేళ్ళ బాబు గోడకి కట్టిన స్టార్ ‘ఆన్ ది వాల్’ అంటే ఒప్పుకోడు. ‘గోడ మీద లేదమ్మా, గోడకి ఉంది’ అంటాడు. ఎలా చెప్పాలి?

జవాబు: తెలుగు లెక్కన బాబు చెప్పింది అక్షరాలా నిజం, ముందు ఆ మాట వాడితో అనండి. గోడకి గడియారం, చెట్టుకి కాయ, తలుపుకి తోరణం అంటాం మనం. ఇంగ్లిషు ఆ తేడా చూడదు. తగిలి ఉంటే చాలు, పక్కనైనా, కప్పుకి తలకిందులుగా ఉన్నా ‘ఆన్’ అంటుంది. తల మీద ఫ్యాను మాత్రం తగలదు కాబట్టి అది ‘అబవ్’. క్రిస్మస్‌కి మనింట్లో కట్టేవన్నీ వేలాడేవీ అంటించేవీ కాబట్టి ఈ తేడా చెప్పడానికి ఇంతకన్నా మంచి రోజులు ఉండవు.

రెండడుగుల సరుగుడు కొమ్మని ఇసుక బకెట్‌లో నిలబెట్టండి. కాగితం నక్షత్రాన్ని బాబు చేతికే ఇచ్చి కొమ్మకి తాకిస్తే ‘ఆన్’, జానెడు పైకి లేపితే ‘అబవ్’ అనండి. అలా ఐదారు సార్లు, తర్వాత గోడ దగ్గర, తలుపు దగ్గర. వివరణ కన్నా తాకడమే వాడికి త్వరగా పడుతుంది. సీరియల్ బల్బులు ఆట అయ్యాకే చుట్టండి. ‘చెట్టు మీద పిట్ట’ ఇంగ్లిషులో ‘ఇన్ ది ట్రీ’ అవుతుంది, దాన్ని ఈ ఏడాదికి వదిలెయ్యండి.

ప్రశ్న: మా ప్లేస్కూల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. క్రిస్మస్‌కి పెట్టే పశువుల పాక (యేసు పుట్టిన చోటు) బొమ్మలతో ఈ మాటల ఆట ఆడించవచ్చా? పండగ అయ్యాక ఎలా కొనసాగించాలి? (గుంటూరు)

జవాబు: తల్లిదండ్రులకి ముందే చెప్పి పెట్టండి. తొట్టిలో పసివాడు, పక్కన యోసేపు, కప్పు పైన నక్షత్రం, అన్నీ ఒకచోట దొరుకుతాయి. బాల యేసు బొమ్మని మాత్రం దాచే ఆటలో వాడొద్దు, ఎందరికో అది పూజించే రూపం. గొర్రెలు చాలు.

సంక్రాంతి బొమ్మల కొలువు ఇరవై రోజుల్లోనే వస్తుంది. మెట్ల మీద బొమ్మలు పేర్పిస్తూ నెక్స్ట్ టు, బిట్వీన్ అప్పుడు మొదలుపెట్టండి. బిట్వీన్ అంటే పిల్లలు తరచూ ఒక బొమ్మకి ఆనించి పెట్టేస్తారు, రెండోది చూడరు. ముందు ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి మూడో పాపని మధ్యకి పంపి, ఇద్దరి చేతులూ పట్టుకోమనండి. రెండు చేతులూ నిండితేనే బిట్వీన్.