జర్మనీలో తొలి డిసెంబరా? నెలవంక బాదం బిస్కెట్లు విరగకుండా, పరుచుకోకుండా

జర్మనీకో ఆస్ట్రియాకో కొత్తగా వచ్చినవాళ్లకు నవంబరు చివర్లో ఒక సందేహం వస్తుంది: "ఆఫీసులో అందరూ ఇంట్లో చేసిన బిస్కెట్లు డబ్బాల్లో తెస్తున్నారు. మేమేం తీసుకెళ్లాలి? గుడ్డు వేయనిది ఏదైనా ఉందా?"

ఉంది, వనిల్యెకిప్‌ఫెర్ల్. చూడ్డానికి బుల్లి కజ్జికాయ, కొరికితే గుల్లగా విడిపోయి నోట్లో కరిగిపోతుంది. కొందరు పచ్చసొన కలుపుతారు గానీ అవసరం లేదు.

సుమారు 60 బిస్కెట్లకు: మైదా 250 గ్రాములు, ఉప్పు లేని వెన్న 200, బాదం పొడి 100, పొడి చక్కెర 75, చిటికెడు ఉప్పు. పైన అద్దడానికి ఇంకో 80 గ్రాముల పొడి చక్కెర, 8 గ్రాముల వనిల్లా చక్కెర పొట్లాలు రెండు. కప్పులతో కొలవకండి. మైదా ఓ గుప్పెడు ఎక్కువైనా పిండి ముద్ద కట్టదు, తక్కువైతే బిస్కెట్లు అప్పడాల్లా పరుచుకుంటాయి. డిజిటల్ తూకం తప్పనిసరి.

కొట్లో చూడాల్సినవి: మైదా జర్మనీలో 405 టైపు, ఆస్ట్రియాలో 480. బాదం పొడి ప్యాకెట్ మీద 'బ్లాంషీర్ట్' అని ఉంటే తొక్క తీసినదని అర్థం, రంగు తెల్లగా వస్తుంది. పొడి చక్కెర జర్మనీలో పూడర్‌ట్సుకర్, ఆస్ట్రియాలో ష్టౌబ్‌ట్సుకర్. వనిల్లా చక్కెర పొట్లం మీద 'వనిలీన్‌ట్సుకర్' అని ఉంటే అది కృత్రిమ వాసన. ఈ బిస్కెట్టుకు ప్రాణమే వనిల్లా కాబట్టి అసలుదే కొనండి. యాలకులు వేయాలనిపిస్తుంది, కానీ మొదటిసారి వద్దు.

వెన్న బదులు నెయ్యి వేయొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. ఇక్కడి వెన్నలో కొవ్వు 82 శాతం, మిగతాది చాలావరకు నీరు. ఆ కాస్త తడే మైదాను పట్టి ఉంచుతుంది. నెయ్యిలో ఆ తడి లేదు, అందుకే పొయ్యిలో పొడిపొడిగా రాలిపోతాయి.

చల్లటి వెన్నను ముక్కలు కోసి, పొడులన్నిటితో కలిపి వేళ్ల కొసలతో నలపండి. రవ్వలా అయ్యాక గబగబా ముద్ద చేసి ఆపేయండి. చపాతీ పిండిలా మర్దనా చేస్తే మైదా సాగి బిస్కెట్టు గట్టిపడుతుంది. ముద్దను గుడ్డలోనో ప్లాస్టిక్‌లోనో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

తర్వాత 10 గ్రాముల ముక్కలు తీసి, వేలెడు పొడవు తాలికలు చేసి వంచండి. నడుమ లావుగా, కొసలు కాస్త సన్నగా ఉండాలి. కొసలు మరీ సూదిగా ఉంటే నడుమ కాలేలోపు అవి మాడతాయి, తర్వాత విరుగుతాయి. వంచేటప్పుడు పగుళ్లిస్తే పిండి మరీ చల్లగా ఉందన్నమాట. అరచేతిలో క్షణం పెట్టుకోండి. వేళ్లకు అంటుకుంటుంటే వెన్న కరుగుతోంది, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాలి. ట్రే నిండాక ఇంకో 15 నిమిషాలు చల్లబరచండి. డిసెంబరులో బాల్కనీయే ఫ్రిజ్ అనుకోండి. పరుచుకుపోయే బిస్కెట్లలో చాలావాటికి కారణం ఈ 15 నిమిషాలు దాటవేయడమే.

ఓవెన్‌ను ముందే 175 డిగ్రీలకు వేడి చేయండి. అద్దె ఇంటి ఓవెన్ మీద పైన ఒక గీత, కింద ఒక గీత ఉన్న గుర్తు దీనికి సరైనది. ఫ్యాన్ గుర్తు పెడితే 155 చాలు. 12 నిమిషాలకు చూడండి, కొసలు లేత బంగారు రంగుకు తిరగగానే తీసేయాలి. వేళ్లకు మెత్తగా తగులుతాయి, కాలలేదని మళ్లీ పెట్టకండి, చల్లారితే గట్టిపడతాయి.

చక్కెర అద్దడమే అసలు నేర్పు. పొయ్యిలోంచి తీసిన వెంటనే ముట్టుకుంటే విరుగుతాయి, చక్కెర కరిగి జిగురవుతుంది. పూర్తిగా చల్లారితే చక్కెర అంటుకోదు. మూడు నాలుగు నిమిషాలాగి, వేళ్లు ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడు ట్రే మీదే జల్లెడతో చక్కెర చల్లండి. పది నిమిషాల తర్వాత ఒక్కోటీ సన్నటి అట్లకాడతో ఎత్తి మిగిలిన చక్కెరలో మెల్లగా దొర్లించండి.

రేకు డబ్బాలో, వరుసకూ వరుసకూ మధ్య బేకింగ్ కాగితం పరిచి పెడితే మూడు వారాలుంటాయి. రెండు రోజులు ఊరాక రుచి ఇంకా బాగుంటుంది. ఆఫీసుకు తీసుకెళ్లేటప్పుడు డబ్బా పక్కన "బాదం, గోధుమ, వెన్న ఉన్నాయి" అని జర్మన్‌లో రాసిన చీటీ పెట్టండి, గింజల అలర్జీ ఉన్నవాళ్లకు అది చాలా ముఖ్యం.