రిఫ్యూజల్ ఫైలు డైరెక్టర్ టేబుల్ మీదకి రావాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు, పిల్లల్ని విదేశీ చదువులకి పంపే కన్సల్టెన్సీల గురించే. ఒకటి లోపల పనిచేసే మనిషిది, ఒకటి డబ్బు కట్టే తండ్రిది, ఇంకొకటి రేపో మాపో సొంత బోర్డు పెట్టుకుందామనుకునే కుర్రాడిది. మొదటిదానికే ఎక్కువ చోటు పోయింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను చాలా ఏళ్ళుగా కన్సల్టెన్సీలో కౌన్సెలర్‌ని. వచ్చే నెల నుంచి బ్రాంచి డైరెక్టర్‌ని చేస్తున్నారు. మొదటి మీటింగులోనే మా ఎండీ గారు, సీటు కోసం విద్యార్థులు ముందుగా కట్టే డిపాజిట్లు నెలకి ఇన్ని రావాలని ఒక షీటు చేతిలో పెట్టారు. మా రిసెప్షన్ గోడ నిండా మాత్రం నిజాయితీ, విద్యార్థే ముఖ్యం అని పోస్టర్లున్నాయి. ఆ షీటుకీ ఈ గోడకీ మధ్య నేనెలా నెగ్గుకు రావాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గోడ సంగతి వదిలేయండి, వాటిని చదివేది కుర్చీ దొరక్క నిలబడ్డవాళ్ళే. మీ కింద పనిచేసేవాళ్ళు చూసేది ఒక్కటే, ఇన్సెంటివ్ దేనికి పడుతోంది అని. డిపాజిట్ కట్టించిన రోజే డబ్బు పడితే ఆ కోర్సు పిల్లవాడికి సరిపోతుందా, వీసా వస్తుందా అనే ఆలోచన అక్కడితో ఆగిపోతుంది, కౌన్సెలర్ ఎంత మంచి మనిషైనా సరే, వాళ్ళకీ ఇంట్లో ఈఎంఐలుంటాయి కదా.

కాబట్టి ఎండీ గారితో అంకె గురించి పోట్లాడకండి, అక్కడ మీరు గెలవరు. ఇన్సెంటివ్ ఎప్పుడు ఇవ్వాలన్నదాని గురించి మాట్లాడండి. సగం ఇప్పుడు, మిగతా సగం విద్యార్థి అక్కడ చేరి మొదటి సెమిస్టర్ ఫీజు కట్టాక. ఆయన విలువల కోసం ఒప్పుకోకపోవచ్చు గానీ లెక్క కోసం ఒప్పుకుంటారు. ఎందుకంటే యూనివర్సిటీ మీకిచ్చే కమీషన్ కూడా సాధారణంగా విద్యార్థి చేరాక, రీఫండ్ గడువు దాటాకే వస్తుంది. రాని డబ్బులోంచి ముందే ఎందుకు పంచుతున్నాం సార్ అని అడిగి చూడండి.

ఇక మీరు కుర్చీలో కూర్చున్న మొదటి వారమే పెట్టాల్సిన పద్ధతి ఒకటుంది. వీసా రిఫ్యూజ్ అయిన ప్రతి ఫైలూ మీ టేబుల్ మీదకి రావాలి. పిల్లవాడు చేతిలో అమెరికా వీసా ఇవ్వలేమని చెప్పే 214బి కాగితంతో వస్తే చాలా ఆఫీసుల్లో ‘లక్ లేదు, మళ్ళీ స్లాట్ బుక్ చేద్దాం’ అనేసి పంపేస్తారు. ఆ ఫైలు తెరిచి మొదటి పేజీ నుంచి చదివితే తెలుస్తుంది లక్ సంగతి. నేను చూసిన ఒక ఎస్‌ఓపీలో, అంటే తానెందుకు చదవాలనుకుంటున్నాడో విద్యార్థి రాసిచ్చే వ్యాసంలో, నెల్లూరు కుర్రాడు ‘మా వరంగల్‌లో చిన్నప్పటి నుంచి’ అని రాసుకున్నాడు. అంటే ఎవరిదో పాత ఎస్‌ఓపీ తీసి పేరు మార్చారు, ఊరు మార్చడం మర్చిపోయారు. ఆ కుర్రాడు దాన్ని ఒక్కసారి కూడా చదవలేదు, చదవమని చెప్పినవాళ్ళూ లేరు. అలాంటి ఫైలు దొరికినప్పుడు కౌన్సెలర్‌ని అందరి ముందూ కేకలేస్తే రేపటి నుంచి మీ టేబుల్ మీదకి ఫైళ్ళు రావు, మాటలే వస్తాయి. తలుపేసి, ఆ రోజు ఆ కౌన్సెలర్ చేతిలో ఎన్ని ఫైళ్ళున్నాయో ముందు అడగండి. ఇన్‌టేక్, అంటే అడ్మిషన్ల సీజన్, చివరి రోజుల్లో ఒక్కో మనిషి మీద ఎంత భారం పడుతుందో కౌన్సెలర్‌గా మీకు తెలియనిది కాదు.

ఫండ్స్ విషయం మీరు రాయలేదు కానీ నేనే ఎత్తుతున్నా. వీసా కోసం అకౌంట్‌లో నెల రోజులు డబ్బు ‘చూపించి’ వడ్డీ తీసుకునే పద్ధతి, ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ‘అరేంజ్’ చేసే పద్ధతి మీ ఆఫీసులో ఉంటే, వాటిని ఆపించగలరో లేదో తేల్చుకున్నాకే డైరెక్టర్ కుర్చీ తీసుకోండి. దొంగ కాగితం పెట్టారని తేలితే అమెరికాలో శాశ్వతంగా దారి మూసుకుపోవచ్చు, బ్రిటన్‌లో 10 ఏళ్ళు, కెనడాలో 5 ఏళ్ళు నిషేధం పడొచ్చు. ఆ శిక్ష కన్సల్టెన్సీకి కాదు, 22 ఏళ్ళ పిల్లవాడికి. 2023లో కెనడాలో దొంగ అడ్మిషన్ లెటర్ల గొడవ బయటపడినప్పుడు, ఆ లెటర్లు నకిలీవని తమకే తెలియదని చాలామంది పిల్లలు మొత్తుకున్నారు. అప్పటికి కొందరు చదువు ముగించి ఉద్యోగాల్లో కూడా ఉన్నారు. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి ప్రతి లెటర్‌నీ కాలేజీ నుంచే నేరుగా ధ్రువీకరించుకోవడం మొదలుపెట్టింది కెనడా ప్రభుత్వం.

‘వద్దు’ అని చెప్పడం కూడా డైరెక్టర్ పనే. బ్యాక్‌లాగ్స్ ఎక్కువున్న అబ్బాయికి ఈ ఇన్‌టేక్ వద్దు, ఏడాది ఉద్యోగం చేసి రా అని చెప్పిన కౌన్సెలర్‌కి మీ ఆఫీసులో ఏం జరుగుతుంది? తిట్లు పడితే పోస్టర్లు పీకేయండి, ఆ గోడకి సున్నమైనా వేయించుకోవచ్చు. ఎండీ గారికి దీన్ని వ్యాపార భాషలోనే చెప్పండి. బ్రిటన్‌లో ఒక యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్లలో వీసా రిఫ్యూజల్స్ హద్దుకి చేరితే విద్యార్థుల్ని స్పాన్సర్ చేసే లైసెన్స్‌కే ఎసరు. 10 శాతంగా ఉన్న ఆ హద్దుని 5 శాతానికి బిగిస్తామని 2025 మేలో వాళ్ళ ప్రభుత్వం శ్వేతపత్రంలో ప్రకటించింది. రిఫ్యూజల్స్ ఎక్కువ తెచ్చే ఏజెంట్‌ని యూనివర్సిటీ ఎన్నాళ్ళు భరిస్తుంది చెప్పండి.

ఇంకొక్క మాట. డైరెక్టర్ అయ్యాక కౌన్సెలింగ్ పూర్తిగా మానేయకండి, వారంలో ఒక పూటైనా నేరుగా ఆఫీసుకొచ్చే వాకిన్స్‌తో కూర్చోండి. రిఫ్యూజ్ అయిన పిల్లల తల్లిదండ్రులు అరుస్తూ వచ్చినప్పుడు నిన్నగాక మొన్న చేరిన అమ్మాయిని వాళ్ళ ముందుకి తోసి మీరు క్యాబిన్‌లో ఉండిపోతే, ఆ తర్వాత మీరు ఎన్ని ట్రైనింగులిచ్చినా దండగే.

ప్రశ్న: మా అబ్బాయిని మాస్టర్స్‌కి పంపాలనుకుంటున్నాం. కన్సల్టెన్సీ వాళ్ళు సర్వీస్ పూర్తిగా ఫ్రీ అంటున్నారు. ఏసీ ఆఫీసు, పదిమంది స్టాఫ్, మరి వాళ్ళకి డబ్బెక్కడిది? డైరెక్టర్ గారు చాలా మర్యాదగా మాట్లాడారు. ఆయన్ని నమ్మొచ్చా?
- ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: డబ్బు యూనివర్సిటీ ఇస్తుందండీ. మామూలుగా మొదటి ఏడాది ట్యూషన్ ఫీజులో కొంత శాతం. అది నేరమేమీ కాదు, చాలా దేశాల్లో మామూలే. 2012లో బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లాండ్, న్యూజిలాండ్ కలిసి ఏజెంట్లు పాటించాల్సిన సూత్రాలతో లండన్ స్టేట్‌మెంట్ అనేది కూడా ఇచ్చాయి. తమకేం లాభమో విద్యార్థి దగ్గర దాచకూడదన్నది అందులో ముఖ్యమైన మాట.

మర్యాదకేం గానీ, ఆయన్ని ఒక ప్రశ్న అడగండి: ‘మీరిచ్చిన లిస్టులో మీకు కమీషన్ రాని యూనివర్సిటీ ఏది?’ జవాబు సూటిగా వస్తే మంచి మనిషే. మాట మారిస్తే మీరే అర్థం చేసుకోండి. జర్మనీ పేరెత్తి చూసినా తెలిసిపోతుంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే ఉండదు, కాబట్టి కమీషన్ ఇచ్చేదీ ఉండదు. దానికి విడిగా ఇంత సర్వీస్ ఛార్జీ అవుతుందని చెప్పేవాళ్ళు నిజం చెబుతున్నట్టు. ప్రైవేటు యూనివర్సిటీ అయితే ఈజీ అండీ అని అటు తిప్పేవాళ్ళ దగ్గర కాస్త జాగ్రత్త.

అప్లికేషన్‌కి వాడే ఈమెయిల్, పాస్‌వర్డ్ మీ అబ్బాయి చేతిలోనే ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గర వదిలి రావద్దు. ప్రభుత్వ జాబితాలో ఆ యూనివర్సిటీ పేరుంది కదా అని ఊరుకోవద్దు కూడా. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే వల పన్నినప్పుడు ఆ పేరు అధికారిక జాబితాలోనే ఉంది. అక్కడ క్లాసుల్లేవు, పాఠం చెప్పేవాళ్ళూ లేరు. 2019 జనవరిలో అది బయటపడేసరికి చిక్కుకున్నవాళ్ళలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. విద్యార్థుల్ని చేర్పించి డబ్బు తీసుకున్నారని కేసులు పడిన 8 మందిలోనూ మనవాళ్ళున్నారు. అందుకని క్లాసులు ఏ భవనంలో జరుగుతాయి, ఆ డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్లెవరు అన్నది అబ్బాయి తనంతట తాను వెతికి మీకు చూపించాలి. అది కూడా చేయలేనివాడైతే ఒక్కడే అంత దూరం వెళ్ళి ఎలా నెగ్గుకొస్తాడో మీరే ఆలోచించండి.

ప్రశ్న: బీకామ్ అయ్యింది, ఒక కన్సల్టెన్సీలో టెలీకాలర్‌గా చేశాను. హైదరాబాద్ కంపెనీ ఒకటి రాజమండ్రిలో ఫ్రాంచైజీ ఇస్తానంటోంది. ఇంట్లో డబ్బు సర్దుతామంటున్నారు. డైరెక్టర్ అని కార్డు వేయించుకోవాలని ఆశగా ఉంది. చేయనా?
- ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కార్డు వంద రూపాయలకి కూడా వేసిస్తారు బాబూ, తొందరేముంది. టెలీకాలర్‌కి ఫోన్ ఎత్తేవరకే తెలుస్తుంది, ఆ తర్వాత ఆ ఫైలు ఏమైందో తెలియదు. ఎక్కడైనా అడ్మిషన్స్ డెస్క్‌లో చేరి, ఒక ఇన్‌టేక్ మొదలైన దగ్గర్నుంచి పిల్లలు విమానం ఎక్కేదాకా దగ్గరుండి చూడు. అన్ని దేశాలూ పెట్టుకోకుండా ఒక్క దేశాన్ని పూర్తిగా నేర్చుకో. బ్రిటన్ అయితే ఏజెంట్ల కోసం బ్రిటిష్ కౌన్సిల్ ట్రైనింగ్ ఉంది, ఆస్ట్రేలియా అయితే క్యూఈఏసీ అనే అర్హత ఉంది.

అప్పటికీ ఫ్రాంచైజీయే కావాలనిపిస్తే డబ్బు కట్టే ముందు అగ్రిమెంట్ పూర్తిగా చదువు. వీసా రిఫ్యూజ్ అయితే విద్యార్థికి డబ్బు ఎవరు, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారన్న లైను అందులో ఉందో లేదో చూడు. అది లేకపోతే సంతకం పెట్టకు. పిల్లల తండ్రులు వచ్చి కూర్చునేది హైదరాబాద్‌లో వాళ్ళ ఆఫీసులో కాదు, రాజమండ్రిలో మీ ఇంటి అరుగు మీద.