పోస్ట్ బిగించే ముందు దాని కింద చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మీ అత్తయ్యా నేనూ బాగున్నాం. నీ ఏడంగుళాల లేత్‌కి కోసే టూల్‌ని చటుక్కున మార్చుకునే క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ కొందామనుకుంటున్నానని, ఏ సైజు తీసుకోమంటావని అడిగావు. సైజు సంగతి ఒక్కటే అయితే ఫోన్లోనే చెప్పేవాణ్ణి. బిగించడంలో తిరకాసులు చాలా ఉన్నాయి, అవి ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఒకటి చెప్పాలి. దీన్ని బిగించినంత మాత్రాన నీ లేత్‌కి కొత్త బలమేమీ రాదు. ఇప్పుడున్న నాలుగు పక్కల పోస్ట్‌లో టూల్ బిట్ దాదాపు కాంపౌండ్ మీదే, అంటే పోస్ట్ కింద ఉండే చిన్న స్లైడ్ మీదే కూర్చుంటుంది. కొత్తదాంట్లో పోస్ట్ పక్కన హోల్డర్, ఆ హోల్డర్‌లో టూల్. టూల్ మొన ఆ మేరకు బయటికి జరుగుతుంది. చిన్న లేత్‌లో కాంపౌండే బలహీనమైన భాగం. దాని జిబ్ (స్లైడ్ సందుని బిగించే పట్టీ) లూజుగా ఉంటే ఇప్పుడు కొంచెంగా వినిపించే చాటర్ (టూల్ అదురు చప్పుడు) రేపు పెద్దగా వినిపిస్తుంది. కాబట్టి పోస్ట్ ఆర్డర్ పెట్టకముందే కాంపౌండ్, దాని కిందుండే క్రాస్ స్లైడ్ జిబ్ స్క్రూలు బిగించు. హ్యాండిల్ కాస్త బరువుగా, కానీ ఎక్కడా పట్టేయకుండా తిరగాలి.

మరి ఎందుకు కొనడం అంటావా? టూల్ కింద ముక్కలు పెట్టే ప్యాకింగ్ బాధ తప్పుతుంది. మా ఆటోనగర్‌లో ఏ టర్నర్ డ్రాయర్ లాగినా హాక్సా బ్లేడు ముక్కలు, రేకు ముక్కలు ఒక డబ్బా నిండా ఉండేవి. టూల్ మార్చిన ప్రతిసారీ వాటిలో వెతికి, ఒకటి పెట్టి, ఒకటి తీసి, టూల్ మొనని సెంటర్‌కి, అంటే జాబ్ తిరిగే ఇరుసు ఎత్తుకి తెచ్చుకోవడం. క్విక్ చేంజ్‌లో ఒక్కో టూల్‌కి ఒక్కో హోల్డర్ ఉంటుంది. ఎత్తు ఒకసారి సెట్ చేసి లాక్ నట్ వేస్తే తర్వాత తీసి పెట్టుకోవడమే. టర్నింగ్ (పక్క చెక్కడం), ఫేసింగ్ (చివర చదును చెయ్యడం), బోరింగ్ (రంధ్రం పెంచడం), పార్టింగ్ (కోసి విడదీయడం) ఒకే జాబ్ మీద వరసగా చేసేవాడికి అది పెద్ద సుఖం. నీలాగా శని, ఆదివారాల్లో రెండు గంటలు దొరికితే గొప్ప అనుకునేవాడికి ఇంకా ఎక్కువ.

ఇక సైజు. అమెరికాలో అలోరిస్ కంపెనీ పెట్టిన పేర్లే ఇప్పటికీ నడుస్తున్నాయి: ఏఎక్స్ఏ, బీఎక్స్ఏ, సీఎక్స్ఏ. వీటికన్నా చిన్నది ఓఎక్స్ఏ. చైనా సరుకు మీద ఓఎక్స్ఏకి 250-000 అని, ఏఎక్స్ఏకి 250-100 అని నంబర్లు కనిపిస్తాయి. తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాల స్వింగ్ (తిప్పగలిగే జాబ్ వ్యాసం) ఉన్న లేత్‌లకి ఏఎక్స్ఏ, అంతకన్నా చిన్నవాటికి ఓఎక్స్ఏ అని ఒక లెక్క. ఏడంగుళాల లేత్ మీద ఏఎక్స్ఏ బిగించినవాళ్ళు లేకపోలేదు. అది గట్టిగా కనిపిస్తుంది కూడా. కానీ ఆ బరువూ, ఆ వెడల్పూ నీ కాంపౌండ్‌కి ఎక్కువ. నువ్వు ఓఎక్స్ఏ తీసుకో.

అది కూడా కొలతలు చూశాకే. టెయిల్ స్టాక్‌లో (జాబ్ పట్టే చక్‌కి ఎదురుగా ఉండే దిమ్మలో) డెడ్ సెంటర్ (మొనదేలిన కడ్డీ) పెట్టి, కాంపౌండ్ పైతలం నుంచి ఆ మొన దాకా ఎత్తు కొలువు. అమ్మేవాణ్ణి హోల్డర్ అడుగు మందం, అంటే టూల్ కూర్చునే గాడి కింద మిగిలే ఇనుము ఎంతో అడుగు. దానికి టూల్ ఎత్తు కలుపు. ఉదాహరణకి సెంటర్ ఎత్తు 24 మి.మీ., హోల్డర్ అడుగు 12, టూల్ 10 అనుకుందాం. మొత్తం 22, ఇంకా రెండు మి.మీ. సర్దుకునే చోటుంది. అదే 12 మి.మీ. టూల్ పెడితే హోల్డర్ పూర్తిగా కిందికి దిగి కాంపౌండ్‌కి తగిలినప్పుడే మొన సరిగ్గా సెంటర్‌కి వస్తుంది, సర్దడానికి ఏమీ మిగలదు. అంతకన్నా లావు టూల్ అయితే మొన ఎప్పటికీ పైనే ఉంటుంది. టూల్ కిందికి ఉంటే ఎత్తుకోవచ్చు, పైకి ఉంటే హోల్డర్ అడుగు కోయించుకోవడమే గతి. నీకు 8 మి.మీ., 10 మి.మీ. టూల్స్ చాలు. మిరాండా కంపెనీ హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్లు రాణీగంజ్‌లో దొరుకుతాయి, వాటిని నూరుకోవడం నేర్చుకుంటే మొన ముక్క మార్చుకునే ఇన్సర్ట్ టూల్స్ వెంట పడక్కర్లేదు.

వెడ్జ్ టైపా, పిస్టన్ టైపా అని కూడా అడుగుతారు. పిస్టన్ టైపులో హ్యాండిల్ తిప్పితే లోపలి పిన్ను హోల్డర్‌ని బయటికి నెట్టి డవ్‌టెయిల్‌లో (ఏటవాలు గాడిలో) బిగిస్తుంది. వెడ్జ్ టైపులో ఆప్పు (వెడ్జ్) హోల్డర్‌ని పోస్ట్ ముఖానికేసి లాగి బిగిస్తుంది. తీసి పెట్టినప్పుడు మళ్ళీ అదే చోటికి రావడంలో వెడ్జ్‌దే పైచెయ్యి. డబ్బుకి ఇబ్బంది లేకపోతే అదే కొను. ఇబ్బందైతే పిస్టన్‌దానితో నీ పని ఆగిపోదు, ఆ మిగిలిన డబ్బుతో రెండు హోల్డర్లు ఎక్కువ తీసుకో.

పెట్టె రాగానే బిగించెయ్యాలని చేతులు దురదపెడతాయి. ఆగు. పాత పోస్ట్ తీసేశావంటే నీ లేత్ ఇక ఏ పనీ చెయ్యలేదు, కొత్త పోస్ట్‌కి కావలసిన బుష్, వాషర్ తిరగాల్సింది ఆ లేత్ మీదే. అవన్నీ పాత పోస్ట్‌తోనే చేసి పక్కన పెట్టుకో. ముందు కొత్త పోస్ట్‌ని విప్పి కిరోసిన్‌లో కడుగు. చవక సరుకులో గ్రైండింగ్ పొడి లోపలే ఉండిపోతుంది, అది ఆప్పునీ, స్క్రూనీ అరగదీస్తుంది. తుడిచి, పల్చగా నూనె రాసి మళ్ళీ కూర్చు. అంచుల్లో బర్ (గరుకు ముళ్ళు) ఉంటే నూనె రాయితో తీసెయ్.

ఇప్పుడు కాంపౌండ్ సంగతి. ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే.

నీ తరహా లేత్‌లలో కాంపౌండ్‌కి టీ స్లాట్ (టీ ఆకారపు గాడి) ఉండదు. మధ్యలో ఒక స్టడ్ (నిలువు మర కడ్డీ), సాధారణంగా ఎం10 (పది మి.మీ.) ఉంటుంది. కొన్నిటిలో ఆ స్టడ్ చుట్టూ గుండ్రంగా కొద్దిగా లేచిన గట్టు ఉంటుంది. పాత పోస్ట్ అడుగున ఉన్న గుంట ఆ గట్టు మీద కూర్చునేది. ఇంకా, పోస్ట్ తిప్పినప్పుడు టక్కుమని ఆగడానికి స్ప్రింగ్ మీద ఒక చిన్న పిన్ను. కొత్త పోస్ట్‌కి ఈ గట్టుతో, పిన్నుతో సంబంధం లేదు. అవి ఉన్నాయని చూసుకోకుండా పెట్టి నట్ బిగిస్తే పోస్ట్ గట్టు మీదో పిన్ను మీదో నిలబడుతుంది. పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది. కట్ వేస్తే ఊగుతుంది, మనవాళ్ళు టూల్‌ని తిట్టుకుంటారు.

పిన్నూ స్ప్రింగూ తీసి ఒక పొట్లంలో కట్టి పేరు రాసి పెట్టు. గట్టు విషయంలో తొందరపడకు. కొత్త పోస్ట్ రంధ్రం గట్టుకన్నా పెద్దదైతే అడ్డం లేదు, పోస్ట్ నేరుగా కాంపౌండ్ మీద కూర్చుంటుంది. చిన్నదైతే మూడు దార్లున్నాయి. గట్టుని తీసెయ్యడం ఒకటి, కానీ అప్పుడు పాత పోస్ట్ కూర్చునే ఆధారం పోతుంది, పోయిన ఇనుము తిరిగి రాదు. కింద ఒక పలక వెయ్యడం ఇంకొకటి, కానీ దాంతో ఎత్తు పెరుగుతుంది, పైన వేసిన లెక్కలో నీకు అంత చోటు లేకపోవచ్చు. పోస్ట్ అడుగున కౌంటర్‌బోర్ చేయించడం (రంధ్రం మూతిని వెడల్పు చేయించడం) మూడోది, నాకు నచ్చింది ఇదే. నీ లేత్ చక్‌లో ఆ దిమ్మ పట్టదు. బాలానగర్‌లో నాలుగు దవడల ఫోర్ జా చక్ ఉన్న పెద్ద లేత్‌వాడికి ఇస్తే చేసిపెడతాడు. వెళ్ళేముందు అడుగున ఆకురాయితో ఒక గీత గీసి చూడు. ఆకురాయి జారిపోతే గట్టిపరిచిన ఇనుమని అర్థం, కార్బైడ్ టూల్ పెట్టమని ముందే చెప్పు.

పోస్ట్ రంధ్రంలో పది మి.మీ. స్టడ్ వదులుగా ఉంటుంది. ఆ సందు నింపడానికి బుష్ కావాలి. బయటి వ్యాసం పోస్ట్ రంధ్రంలో చేత్తో నెడితే దిగేంత, లోపలిది స్టడ్ మీద జారేంత. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్ చాలు. ఒక్క విషయం మర్చిపోకు: బుష్ పొడవు పోస్ట్ ఎత్తుకన్నా ఒక మి.మీ. తక్కువ ఉండాలి. లేకపోతే నట్ బుష్‌ని బిగిస్తుంది, పోస్ట్‌ని కాదు. పైన మందపాటి వాషర్ తిప్పి వెయ్యి, పల్చటిది రంధ్రంలోకి వంగిపోతుంది. పాత స్టడ్ పొట్టిదైతే కొత్తది కావాలి. హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన అమ్మే మరల రాడ్డు దీనికి వద్దు, అది మెత్తన, సాగుతుంది. తలమీద 8.8 అని ఉన్న బోల్ట్ తెచ్చి పొడవుకి కోసుకో.

మీ స్నేహితుడెవరో తొమ్మిదంగుళాల లేత్ కొంటున్నాడన్నావు. అతనిదాంట్లో టీ స్లాట్ ఉంటే ఈ గొడవలు వేరు. పోస్ట్‌తోపాటు మెత్తటి ఇనుప దిమ్మ ఒకటి వస్తుంది, దాన్ని స్లాట్‌కి తగ్గట్టు టీ ఆకారంలో కోసుకోవాలి. ఆ టీ నట్ పైతలం కాంపౌండ్ తలం కన్నా అర మి.మీ. అయినా కిందికి ఉండాలి, పైకి వస్తే పోస్ట్ నట్ మీద కూర్చుంటుంది. ఇంకా ముఖ్యమైంది, స్టడ్ టీ నట్ అడుగు దాటి బయటికి రాకూడదు. వస్తే అది స్లాట్ అడుగుని తన్ని, జాకీ కారుని లేపినట్టు టీ నట్‌ని పైకి లేపుతుంది. స్లాట్ పైన పెదవులు పోత ఇనుము. వంగవు, పగులుతాయి. పగిలాక అతికించడం నా వల్ల కూడా కాదు. అందుకే అడుగు దాకా మర పూర్తిగా వెయ్యకుండా చివరి రెండు మరలు వదిలెయ్యాలి, లేదా కింద సెంటర్ పంచ్‌తో మర మూసెయ్యాలి. ఈ ముక్క అతనికి తప్పకుండా చెప్పు.

నీదానికి వద్దాం. ప్లగ్ పీకు. కాంపౌండ్ తలం శుభ్రంగా తుడిచి, నాలుగు మూలల కింద నాలుగు పల్చటి కాగితం ముక్కలు పెట్టి పోస్ట్ దించి నట్ బిగించు. ఒక్కో కాగితం లాగి చూడు. నాలుగూ కదలకూడదు. ఒక మూల కాగితం జారి వచ్చిందంటే అక్కడ ఆనడం లేదు. ప్రష్యన్ బ్లూ (ఆనిన చోట అంటే నీలి రంగు) రాసి ఎక్కడ అంటుతోందో చూసి, ఆ ఎత్తుని రాయితో కొద్దికొద్దిగా తగ్గించు. మధ్యలో కాస్త పల్లంగా ఉన్నా పరవాలేదు, ఉబ్బుగా మాత్రం ఉండకూడదు. ఈ పనికి సాయంత్రమంతా పట్టినా పట్టనీ.

తర్వాత పోస్ట్‌ని చక్ ముఖానికి సమాంతరంగా తిప్పుకోవాలి. మామూలు టర్నింగ్‌కి కంటితో చూసుకున్నా సరిపోతుంది. పార్టింగ్ బ్లేడుకి చాలదు. హోల్డర్‌లో ఒక నేరైన చదరపు కడ్డీ జాబ్ వైపు చాచి బిగించి, దాని పక్కకి డయల్ గేజ్ ఆనించి, క్రాస్ స్లైడ్ ముందుకీ వెనక్కీ నడుపు. ముల్లు కదలకుండా ఉండేదాకా పోస్ట్ సర్ది నట్ బిగించు. బిగించేటప్పుడు అది మళ్ళీ కాస్త తిరుగుతుంది, బిగించాక ఇంకోసారి చూడు.

సెంటర్ ఎత్తుకి నేను వాడేది ఆరంగుళాల స్టీల్ స్కేలు. చక్‌లో గుండ్రటి రాడ్ పెట్టి, లేత్ ఆపి, టూల్ మొనకీ రాడ్‌కీ మధ్య స్కేలు నిలువుగా పెట్టి మెల్లగా ఆనించు. స్కేలు నిట్టనిలువుగా ఉంటే సెంటర్ కుదిరినట్టు. పైభాగం నీ వైపు వాలితే టూల్ కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. తర్వాత ఫేసింగ్ చేసి చూడు, మధ్యలో బొడిపె మిగిలితే ఇంకా సర్దాలి. బోరింగ్ బార్‌ని మాత్రం సెంటర్‌కి వెంట్రుకంత పైన ఉంచు, బరువు పడితే అది కిందికి వంగుతుంది కదా. కుదిరాక లాక్ నట్ వేసి, హోల్డర్ మీద మార్కర్‌తో ఏ టూలో రాసుకో. మళ్ళీ నూరినప్పుడు ఎత్తు మారుతుంది, అప్పుడొకసారి చూసుకోవాలి.

కరెంటు పెట్టేముందు ప్రతి హోల్డర్‌తోనూ చక్‌ని చేత్తో ఒక చుట్టు తిప్పు. ఎత్తు సర్దే నట్టూ, పోస్ట్ హ్యాండిలూ చక్ జాకి తగలకూడదు. హ్యాండిల్ టెయిల్ స్టాక్‌కి అడ్డం రాకుండా ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. హ్యాండిల్‌కి పైపు తొడిగి బిగించకు, చెయ్యి చాలు. చాలలేదంటే డవ్‌టెయిల్‌లో చిప్స్ ఉన్నట్టు. హోల్డర్ మార్చిన ప్రతిసారీ బ్రష్‌తో ఒకసారి తుడవడం అలవాటు చేసుకో.

పార్టింగ్ మొదటి వారం జోలికి పోకు. ముందు అల్యూమినియం మీద టర్నింగ్, ఫేసింగ్ చేసి పోస్ట్ కదలడం లేదని తేల్చుకో. తర్వాత పార్టింగ్‌కి స్పీడు తగ్గించి, బ్లేడు అవసరమైనంతే బయటికి ఉంచి, కాంపౌండ్ జిబ్ స్క్రూ ఒకదాన్ని బిగించి లాక్ చేసి, నూనె వేస్తూ ఆపకుండా ఫీడ్ ఇవ్వు. అప్పటికీ చాటర్ పోకపోతే కాంపౌండ్ మొత్తం తీసి క్రాస్ స్లైడ్ మీద ఒక ఇనుప దిమ్మ బిగించి దానిమీద పోస్ట్ పెట్టేవాళ్ళున్నారు. చిన్న లేత్‌లకి అది చాలా మంచి పని, కానీ టేపర్‌కి, థ్రెడ్డింగ్‌కి కాంపౌండ్ మళ్ళీ ఎక్కించాలి. సంక్రాంతికి వచ్చినప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం.

హోల్డర్లు సెట్‌తో వచ్చేవి సరిపోవు. మామూలు టర్నింగ్‌వి ఇంకో మూడు కొనుక్కో. నర్లింగ్ హోల్డర్ (జాబ్ మీద గళ్ళ గరుకు దించేది) చాలా సెట్లలో వస్తుంది గానీ అది ఒకే వైపు నుంచి నొక్కుతుంది, నీ లేత్ స్పిండిల్‌కి అంత ఒత్తిడి మంచిది కాదు. దాన్ని పక్కన పెట్టు. పాత నాలుగు పక్కల పోస్ట్ ఎవరికీ ఇవ్వకు, అమ్మకు.

గట్టు వ్యాసం, దాని ఎత్తు, స్టడ్ పొడవు, సెంటర్ ఎత్తు ఈ నాలుగూ వెర్నియర్‌తో కొలిచి నాకు వాట్సాప్‌లో పెట్టు. అవి చూశాక ఆర్డర్ పెడుదువుగాని.

అక్కకి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య
విజయవాడ